గోడ అడిగిన మనిషి

నవంబరు పన్నెండు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. మా ప్రహరీ గోడకు బయటివైపు ఎవరో గీస్తున్న చప్పుడు వినిపించింది. ఇది ముందటేటి మాట. గేటు తీసి చూశాను. చూడడానికి నలభై ఐదేళ్లుండే మనిషి ఒకడు, ఒక చేతిలో బొగ్గు ముక్క, ఇంకో చేతిలో టేపు పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని గోడను అడుగు నుంచి కొలుస్తున్నాడు. సందుకు అవతల, ఆ వారమే ఎవరో అద్దెకు తీసుకున్నారని విన్న రేకుల షెడ్డు ముందు, ఎర్ర కారు ఒకటి మా గోడ వైపు ముఖం పెట్టి ఉంది. నేలకు ఆనుకున్నట్టుంది. తలుపులు రెండే.

"ఎవరి గోడ అనుకున్నవ్ బిడ్డా?" అన్నాను.

అతను లేచి బొగ్గు ముక్కను వీపు వెనక దాచాడు. "తప్పయింది పెద్దమ్మా. కారు లైట్లు సరిజేసుకోనీకి సాఫుగున్న గోడ కావాలె. ఈ సందుల నీదొక్కటే సాఫుగున్నది."

"అయితే అడిగి గీయాలె."

"అడుగుతున్న. గోడ ఇస్తవా?"

ఇచ్చాను. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ గోడ మీద వెలుగు వేసినా, వేసే ముందు గేటు దగ్గరికి వచ్చి పిలిచేవాడు. "పెద్దమ్మా, గోడ అడుగుతున్న!" నేను లోపలి నుంచి "తీసుకో బిడ్డా" అనేదాన్ని. ప్రతిసారీ అడగనక్కర్లేదని ఒకనాడు చెప్పాను. "అడుగుడు బందయితే గోడ నాదే అనుకుంట పెద్దమ్మా" అన్నాడు. మానలేదు.

అతని పేరు ఇక్కడ రాయను. షెడ్డు మీద బోర్డు కట్టినప్పుడు కూడా పేరు రాయించుకోలేదు. 'కార్ లైటింగ్' అని కన్నడంలో ఒక వరస, తెలుగులో ఒక వరస, అంతే. సందులో అందరూ లైటు మామ అనేవాళ్లు. బీదర్‌లో ఆ పని చేసేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. హైదరాబాదు నుంచి ఆదివారాలు కోట చూడడానికి వచ్చే స్పోర్ట్స్ కార్ల కుర్రాళ్లు మాత్రం వాళ్లకు వాళ్లు చెప్పుకుని ఇతని దగ్గరికే వచ్చేవాళ్లు.

నా సంగతి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే గోడ సంగతి అర్థం కాదు. నేను వ్యవసాయ శాఖ తోటలో ముప్పై ఒక్క సంవత్సరాలు వాన కొలిచాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలపాత్రలో నీళ్లు చూసి రిజిస్టరులో రాయడం నా పని. అందులో ఒక నియమం ఉంది. వాన పడకపోతే సున్నా రాయాలి. ఏ కారణం చేతనైనా ఆ రోజు కొలవకపోతే సున్నా రాయకూడదు, అడ్డగీత పెట్టాలి. తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు. రిటైరయ్యాక కూడా మా ఇంటి వాకిట్లో ఒక కొలపాత్ర పెట్టుకుని అదే పని చేస్తున్నాను. రిజిస్టరులో పక్క గడి ఖాళీగా ఉంటుంది గనుక ఆ రోజు ఇంట్లో, సందులో ఏం జరిగిందో దాంట్లో రాస్తాను.

అందుకే ఆ మంగళవారం అతను గోడ అడుగు నుంచి కొలుస్తుంటే ఊరుకోలేకపోయాను.

అతని పద్ధతి ఇది. కారును గోడకు ఇరవై ఐదు అడుగుల దూరంలో నిలబెడతాడు. హెడ్‌లైటు నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలుస్తాడు. గోడ మీద అంతే ఎత్తుకు, అందులోంచి మూడంగుళాలు తగ్గించి, ఒక గుర్తు పెడతాడు. లైటు వేస్తే వెలుగు పై అంచు ఆ గుర్తు మీద కూర్చోవాలి. అంతకు పైకి పోతే ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. కిందికి పోతే నడిపేవాడికి దూరం కనబడదు.

"కారు నిలబడ్డ నేలా, గోడ కింద నేలా ఒకటే ఎత్తు అనుకుంటున్నవా?" అన్నాను. "సందు ఇటు వాలు. వాన పడితే నీళ్లు మా గోడకే వస్తయ్."

లోపలి నుంచి సన్నటి పారదర్శక గొట్టం తెచ్చాను. దాంట్లో నీళ్లు నింపి, ఒక కొస అతని కారు చక్రం దగ్గర, ఇంకో కొస గోడ దగ్గర పట్టుకున్నాం. తేడా సరిగ్గా ఐదంగుళాలు. అతను అలా కొలిచి ఉంటే లైటు ఐదంగుళాలు కిందికి పడేది. కారు నిలబడే నేలతో సమానమైన ఎత్తులో గోడ మీద జానెడు ఎర్ర గీత గీసి, "ఇదే నీకు నేల. ఇక్కడి నుంచి కొలువు" అన్నాను.

అతను వంగి ఆ గీతకు టేపు ఆనించి చూశాడు. "కొల్హార్ల నా పాత షెడ్డు కింద గచ్చు ఉండె పెద్దమ్మా, అద్దం లెక్క. గీ వాలు సంగతి నాకు తట్టకపోతుండె. బరాబర్ టైముకు వచ్చినవ్" అన్నాడు.

ఆ ఎర్ర గీత నాది. ఇది గుర్తుంచుకోవాలి.

కార్ల పనికి రాకముందు అతను పెళ్లిళ్లకు లైటింగ్ వేసేవాడు. ఊరేగింపుల్లో బల్బుల తోరణాలు, పందిళ్లలో రంగు దీపాలు. ఆ వేళ్లు వైర్లకు అలవాటు పడినవి. మాట్లాడుతూనే, చూడకుండానే, రెండు తీగలు మెలిపెట్టేవాడు. మూతపడ్డ బేకరీ నుంచి ఒక పాత కరెంటు పొయ్యి తెచ్చుకున్నాడు. హెడ్‌లైటు ఊడదీసి ఆ పొయ్యిలో పెడితే గాజును పట్టి ఉంచిన జిగురు మెత్తబడుతుంది, అప్పుడు విప్పి లోపల ఎల్‌ఈడీ దీపాలు అమర్చి మళ్లీ మూస్తాడు. మొదటి నెలంతా ఆ పొయ్యిలోంచి తీసిన లైట్లు బన్ను వాసన వచ్చేవి. పొయ్యి గడియారం చెడిపోయింది. "పెద్దమ్మా, ఏడు నిమిషాలు చెప్పు" అని అరిచేవాడు. నేను నా వాచీ చూసి ఏడో నిమిషంలో "అయింది" అనేదాన్ని. పొయ్యిలోంచి తీసిన గాజును అరచేత్తో కాదు, చేతి వెనక భాగంతో తాకి చూసేవాడు, పిల్లల నుదురు చూసినట్టు.

లైటు వేశాక అతను కారు వైపు తిరిగేవాడు కాదు. కారుకు వీపు పెట్టి గోడ వైపు చూసేవాడు. యజమానులు మాత్రం కారు ముందు నిలబడి, తళతళలాడే కళ్లను ఫోన్లో ఫొటోలు తీసుకునేవాళ్లు. "చూడాల్సింది అటు గాదు తమ్మీ, ఇటు" అనేవాడు. ఎవరూ ఇటు చూసేవాళ్లు కాదు. నేనొక్కదాన్నే చూసేదాన్ని.

వెలుగు అంచు గుర్తు మీద కూర్చున్నాక, లైటు వెనక ఉన్న చిన్న స్క్రూ మీద ఎర్ర గోళ్లరంగు ఒక చుక్క పెట్టేవాడు. ఆ స్క్రూ తిప్పితేనే వెలుగు పైకీ కిందికీ జరుగుతుంది. ఎవరైనా తిప్పితే ఎండిన చుక్క పగులుతుంది. మళ్లీ కారు వచ్చినప్పుడు మొదట ఆ చుక్కనే చూసేవాడు. గోళ్లరంగు కోసం గాజుల దుకాణానికి పోతే ఆ దుకాణం ఆమె "మీ ఇంటామె చాయ ఎట్లుంటది అన్నా, దానికి తగ్గది ఇస్త" అందట. "చాయ తెల్లది, నాలుగు చక్రాలు" అన్నాడట. ఈ మాట అతను చెబుతుంటే వాళ్లావిడ గుమ్మంలోంచి "నాకు ఇన్నేండ్లల ఒక్క సీసా తేలే పెద్దమ్మా, గాడీలకైతే నెలకొకటి" అంది. మర్నాడు ఆమె వేళ్లకు ఎర్ర రంగు ఉంది. అతను ఏమీ ఎరగనట్టు వైర్లు మెలిపెడుతున్నాడు.

జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం ఐదు ముప్పావుకు ఒక కుర్రాడు తెల్ల కారు తెచ్చాడు. పని అంతా అయ్యాక వెలుగు అంచు చూసి పెదవి విరిచాడు.

"మామా, జర పైకి లేపు. ఎదురొచ్చేటోడు జరగాలె."

"ఎదురొచ్చేటోడు మీ నాయన గూడ గావొచ్చు. లేప."

"మా నాయన హైదరాబాద్ల ఉన్నడు."

"అయితే నా అసుంటోడు మోపెడ్ మీద పోతుంటడు. వాని కండ్లల్ల ఎందుకు కొడ్తవ్? మనిషి మొఖం మీద లైటేసేది పోలీసోడు తమ్మీ, గాడీ గాదు."

"నేను పైసలిస్తున్న గద మామా."

"ఇస్తున్నవ్. అందుకే మంచిగ పెట్టిన. పైకి లేపుడు కావాల్నంటే లైట్లు ఊడదీసి పాతయి పెడ్త, పైసలు వాపస్."

కుర్రాడు నా వైపు చూశాడు, గోడ నాది గనుక నేనేమైనా అంటాననుకుని. "గుర్తు మీద ఉన్నది బిడ్డా, సరిగ్గ ఉన్నది" అన్నాను. కుర్రాడు పైసలిచ్చి కారెక్కాడు. వెళ్తూ వెళ్తూ చేయి ఊపాడు.

అంత పట్టుదల ఉన్న మనిషి నా గీతను మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. అనుమానం వచ్చి అడిగిన ఒక్కసారి నేనే కొలవనివ్వలేదు.

ఫిబ్రవరి పంతొమ్మిదిన సందుకు సిమెంటు రోడ్డు వేశారు. పైమట్టి కొంత తవ్వి, కంకర పోసి, దాని మీద సిమెంటు పోశారు. మూడు వారాలు బండ్లేవీ రాలేదు. మార్చి పద్నాలుగు సాయంత్రం ఆరున్నరకు అతను కొత్త రోడ్డు మీద మొదటి కారు నిలబెట్టి గేటు దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, గోడ అడుగుతున్న. రోడ్డు మారింది గద, నీ గీత ఒకసారి చూడాల్నా?"

నేను బియ్యం ఏరుతున్నాను. లేవలేదు. "గీత గోడ మీద ఉన్నది బిడ్డా. గోడ యాడికీ పోలే" అన్నాను.

"అవును, గోడ యాడికి పోతది" అని నవ్వి వెళ్లిపోయాడు.

రిజిస్టరులో ఆ రోజు గడిలో ఈ మాటలు కూడా ఉన్నాయి.

జూన్ పదకొండు, బుధవారం. తెల్లవారుజామున పెద్ద వాన పడింది. ఎనిమిదిన్నరకు కొలిస్తే అరవై రెండు మిల్లీమీటర్లు. వాకిట్లోకి సందు నీళ్లు వచ్చాయి. అంతకు ముందు ఎంత వానకూ వచ్చేవి కావు. గేటు మెట్టు సందు కన్నా ఏడంగుళాల ఎత్తు, ఇల్లు కట్టించినప్పుడు నేనే కొలిచి రాసుకున్నాను. స్కేలు తెచ్చి నీళ్లలో ముంచి, సందు నేల నుంచి మెట్టు ఎంత ఎత్తుందో చూశాను. నాలుగు.

మూడంగుళాలు. సందు మూడంగుళాలు లేచింది. కారు నిలబడే చోటూ మూడంగుళాలు లేచి ఉంటుంది. గోడ మీది నా గీత మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది.

లోపలికి వచ్చి లెక్క వేశాను. స్పోర్ట్స్ కారు లైటు నేలకు రెండడుగుల ఎత్తు. ఇరవై ఐదు అడుగులకు మూడంగుళాలు దిగే వెలుగు రెండు వందల అడుగుల దూరాన నేలను తాకుతుంది. ఆరంగుళాలు దిగితే వంద అడుగులకే తాకుతుంది. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు డెబ్బై మూడు అడుగులు పోతుంది. మిగిలేది ఒకటిన్నర సెకను కూడా కాదు. లెక్క మూడుసార్లు వేశాను. మారలేదు.

రిజిస్టరు తిరగేశాను. మార్చి పద్నాలుగు నుంచి అతను గోడ అడిగినది పదకొండు సార్లు. పదకొండు కార్లు.

వాన ఇంకా సన్నగా పడుతూనే ఉంది. గొడుగు తీసుకుని సందు దాటాను. అతను షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఛాయ్ తాగుతున్నాడు.

"రా పెద్దమ్మా! ఇయ్యాల ఎంత పడింది?"

"అరవై రెండు. నేను దానికి రాలే బిడ్డా."

చెప్పాను. మెట్టు, స్కేలు, రెండు వందలు, వంద. అతను గ్లాసు కింద పెట్టాడు. టేపు తీసుకుని వానలోకి వెళ్లాడు. గొట్టంలో నీళ్లు నింపి తెమ్మన్నాడు. ఇద్దరం తడుస్తూ కొలిచాం. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి అతను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఎన్ని కార్లు పెద్దమ్మా?"

"పదకొండు."

"తారీఖులున్నయా?"

"తారీఖులు, రంగులు, అన్నీ ఉన్నయ్."

"ఒక్కొక్కటి చెప్పు. నేను ఫోన్ల నంబర్లు తీస్త."

మార్చి పద్నాలుగున తను ఏమడిగాడో, నేనేం చెప్పానో అతనికి గుర్తుందని నాకు తెలుసు. ఆ రోజు ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత కూడా తనంతట తాను ఎత్తలేదు.

అదే రోజు అందరికీ ఫోన్లు చేశాడు. "తమ్మీ, నీ లైటు పొట్టిగ పడుతున్నది. తప్పు నాది. జల్ది రా, అప్పటిదాంక రాత్రిళ్లు నడపకు." ఇదే మాట, ప్రతివాడితో. ఒకడు అవతల నవ్వడం నాకు వినిపించింది.

"ఏం పొట్టి మామా? గాడీ ముందట పట్టపగలున్నట్టుంది!"

"అదే చెప్తున్న. ముందట పట్టపగలుంటే దూరం కండ్లకు ఇంకింత చీకటయితది. నీకు ఎర్క గూడ కాదు. రా తమ్మీ, నీ కాళ్లు మొక్కుత."

ఆ చివరి మాటతో అవతలివాడు నవ్వు ఆపేశాడు.

నేను గోడ మీద పాత గీతకు మూడంగుళాల పైన కొత్త ఎర్ర గీత గీశాను. జూలై రెండో తారీఖు నాటికి పది కార్లు వచ్చాయి. రాలేనన్న రెండు కార్ల దగ్గరికి తానే జహీరాబాదు, గుల్బర్గా వెళ్లి, వెంట తీసుకొచ్చాడు. ప్రతి కారుకూ గేటు దగ్గరికి వచ్చి గోడ అడిగాడు. గొంతు మాత్రం మెల్లగా ఉండేది.

మిగిలింది ఒక పసుపు కారు. ఏప్రిల్ ఇరవై ఆరున చేసింది. ఫోన్ పనిచేయడం లేదు. ఆ కుర్రాడు కారును అమ్మేశాడని అతని స్నేహితుడెవరో చెప్పాడు. కొన్నవాడు ఎవరో తెలియదు. లైటు మామ ఆర్టీవో ఏజెంటును పట్టుకుని బండి నంబరు మీద చిరునామా తీయించాడు. నేను ఆ చిరునామాకు ఉత్తరం రాశాను. తిరిగొచ్చింది. మళ్లీ రాశాను, మూడోసారి కూడా. మూడూ తిరిగొచ్చాయి. అతను ఆ ఊరికే వెళ్లాడు. ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారు.

అప్పుడు ఆదివారాలు మొదలయ్యాయి. హుమ్నాబాద్ దగ్గర హైవే మీద ఒక ఛాయ్ హోటలుంది. స్పోర్ట్స్ కార్ల కుర్రాళ్లు అక్కడ ఆగుతారు. ప్రతి ఆదివారం పొద్దున్నే తన పాత వ్యాన్లో వెళ్లి సాయంత్రం దాకా అక్కడ కూర్చునేవాడు. జూలై ఆరు మొదటిది. తిరిగొచ్చి గేటు దగ్గర ఆగేవాడు.

"ఇయ్యాల గూడ రాలే పెద్దమ్మా. అయినా ఫికర్ లేదు. కొత్తగ కొన్నోడు లైటు ముట్టకుంట ఉండడు. ఎవడో మెకానిక్ స్క్రూ తిప్పే ఉంటడు."

పదమూడు ఆదివారాలు ఈ మాటే. నేనూ "తిప్పే ఉంటడు బిడ్డా" అనేదాన్ని. ఏదీ కొలవకుండా నేనన్న మాటలు నా జీవితంలో తక్కువ.

అక్టోబరు ఐదు, పద్నాలుగో ఆదివారం. "ఇయ్యాల నువ్వు గూడ రా పెద్దమ్మా, ఛాయ్ తాగి వద్దాం" అన్నాడు. వెళ్లాను. హోటలతను మమ్మల్ని చూడగానే, "లైటు మామా, పసుపుదే గద నువ్వు వెతికేది? రెండు కిలోమీటర్లు ముందుకు పో, స్క్రాపు దుకాణంల ఒకటి పడి ఉన్నదట" అన్నాడు. ఛాయ్ వచ్చింది. తాగలేదు.

స్క్రాపు దుకాణమతను గోనెపట్టా మీద కూర్చుని అన్నం తింటున్నాడు. ఎడమ చేత్తో చూపించాడు. "అగో, కోళ్లు కూసున్నది, అదే."

కారు ముందు భాగం కుడి వైపంతా లోపలికి పోయి ఉంది. ఇంజను లేదు. సీట్లు లేవు. ఎడమ హెడ్‌లైటు మాత్రం గీత పడకుండా ఉంది.

"ఎప్పుడయింది?" అని అడిగాడు.

"నాకేమెర్క అన్నా. రెండు చేతులు మారి నా కాడికి వచ్చింది."

"పగటీలా, రాత్రా?"

"గాడీ చెప్తదా?"

"మనుషులు? ఎందరుండిరి? ఏమన్న అయిందా?"

ఆ మనిషి ముద్ద దించి మా ఇద్దరినీ చూశాడు. గొంతు మారింది. "చూడన్నా, మేము గాడీ కొంటం, ఖబర్ కొనం. మీ సొంతోళ్లా?"

"కాదు" అన్నాడు. కారు వైపు చూపి, "ఆ లైటు నేను చేసింది" అన్నాడు.

కోళ్లను అదిలించి, మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి ఎడమ లైటు విప్పాడు. ఎంత పాడైపోయిన బండి మీదైనా అతను గీత పడకుండా విప్పగలడు. విప్పి, వెనక్కి తిప్పి, నా ముందు పెట్టాడు. నేను అద్దాలు పెట్టుకుని చూశాను. స్క్రూ మీద ఎర్ర చుక్క ఉంది. ఎక్కడా పగల్లేదు.

"తిప్పలే" అన్నాడు.

ఆ లైటును తువ్వాలులో చుట్టి నా ఒళ్లో పెట్టాడు. వ్యాను నడుస్తోంది. మధ్యాహ్నం ఒంటిగంట పది. హైవే మీద లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. ఇక నేను మాట్లాడకుండా ఉండలేకపోయాను.

"ఆ రోజు నువ్వడిగినవ్ బిడ్డా. గీత చూడాల్నా అని. నేనే వద్దన్న."

అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. "రాసి పెట్టుకున్నవా పెద్దమ్మా అది?"

"రాసిన. మార్చి పద్నాలుగు, సాయంత్రం ఆరున్నర."

"కొట్టేయ్."

"రాసింది కొట్టెయ్య."

"నాకెర్కే" అన్నాడు. అని కొంచెం నవ్వాడు. తర్వాత చాలా దూరం పోయాక, "గీత నీదే. కారు నిలబెట్టింది నేను. అడిగినోడు నేను, చూడకుంట పెట్టినోన్ని గూడ నేనే. ఇంక ఆ లెక్క తియ్యకు" అన్నాడు. నేను తీయలేదు, ఇవాళ దాకా.

ఆ రోజు నుంచి హెడ్‌లైట్లు ముట్టలేదు. కార్లు వస్తే లోపలి దీపాలు చేసేవాడు. కాళ్ల దగ్గర నీలం వెలుగు, తలుపు తీస్తే పడే చిన్న దీపం, అంతే. ముందు లైటు అడిగినవాళ్లను హైదరాబాదు పొమ్మనేవాడు. పెళ్లి పందిళ్లకు మళ్లీ తోరణాలు కట్టడం మొదలుపెట్టాడు. పొయ్యి చల్లబడింది. నూట తొమ్మిది రోజులు గోడ అడగలేదు. ఎదురుపడితే "ఎంత పడింది పెద్దమ్మా?" అని మాత్రం అడిగేవాడు. చలికాలం వచ్చాక కూడా అడిగేవాడు. "సున్నా" అనేదాన్ని. "మంచిది" అనేవాడు.

జనవరి ఇరవై రెండు, గురువారం. ఉదయం ఏడు నలభైకి వాళ్లావిడ కేక వినిపించింది. షెడ్డులో స్టూలు పక్కన పడి ఉన్నాడు. చేతిలో బల్బుల తోరణం. ఆటోలో నేనూ ఎక్కాను. ఆసుపత్రి చేరేసరికి ఎనిమిది పది. గుండె అన్నారు. ఎనిమిదిన్నరకు నేను ఆ వరండాలో బెంచీ మీద ఆమె చేయి పట్టుకుని ఉన్నాను. డాక్టరు బయటికి వచ్చింది అప్పుడే. అతనికి నలభై ఏడేళ్లు.

ఆ రోజు వాన కొలవలేదు. ఆకాశంలో మబ్బు లేదు. వాన పడలేదని బీదర్‌లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా నేను కొలవలేదు గనుక ఆ గడిలో అడ్డగీత పెట్టాను. ఆ రిజిస్టరులో అదొక్కటే.

పన్నెండో రోజు అయ్యాక వాళ్లావిడ తువ్వాలు మూట పట్టుకుని వచ్చింది. "పెద్దమ్మా, దీన్ని రోజూ తుడుస్తుండె. అమ్మబుద్ధి కాదు, పారేయబుద్ధి కాదు. ఏం చేయమంటవ్?" నేను తీసుకున్నాను. రిజిస్టరు పక్కన పెట్టాను. చుక్క రంగు తగ్గలేదు.

మొన్న సోమవారం గోడకు సున్నం వేసే మనిషి వచ్చాడు. బయటివైపు నుంచి పిలిచి, "అమ్మా, ఈ రెండు ఎర్ర గీతలు ఏంది? పైన వేసేయాల్నా, ఉంచాల్నా?" అన్నాడు. పైది సరైన గీత. కిందిది తప్పు గీత. రెండూ ఉంచమన్నాను. అతను వెళ్లాక కూర్చుని ఇదంతా రాశాను.

లెక్క ఇది. నేల లేచింది మూడంగుళాలు. తగ్గిన వెలుగు వంద అడుగులు. ఆ గీత మీద పెట్టిన కార్లు పదకొండు, సరిచేసినవి పది. తిరిగొచ్చిన ఉత్తరాలు మూడు. ఆదివారాలు పద్నాలుగు. మనిషి ఒకడు. పసుపు కారులో ఆ పూట ఎంతమంది ఉన్నారో, వాళ్లకేమైందో తెలియదు. ఎవరికీ ఏమీ కాలేదని సున్నా రాయమని నా మనసు చాలాసార్లు అడిగింది. రాయలేదు. అడ్డగీత పెట్టాను.